సాలవ్వ కుట్టిన రెక్క

ఎల్లారెడ్డి అంగట్లో ఉల్లిగడ్డలు అమ్మేవాళ్ళ దగ్గర నుంచి కామారెడ్డి స్టేషన్లో మూటలు మోసే హమాలీల దాకా, ఆ దసరా వెళ్ళాక అందరి నోటా ఒకటే మాట. ఆకాశంలో ఎగిరే గాలిమోటారు పడిపోయింది సాలవ్వ కుట్టు వల్లనేనట. పుట్టి బుద్ధెరిగి ఆ యంత్రం దగ్గరికి కూడా పోని మనిషి సైతం, దారం తెగిందనీ, గుడ్డ లేచిందనీ, తాను పక్కనే నిలబడి చూసినట్టు చేతులు తిప్పుతూ చెప్పేవాడు. చూసినవాడికన్నా చూడనివాడికే వివరాలు ఎక్కువ తెలుస్తాయి, అదేం చిత్రమో.

సాలవ్వకు కడుపు మండింది. మండదా మరి? స్టేషన్ వెనక క్రైస్తవుల వాడలో ఆమె ఇల్లు. మొగుడు అబ్రాహాము పోయి పన్నెండేళ్ళు. అప్పటి నుంచీ బొంతలు కుట్టే బతికింది. చిరిగిన చీరలూ పాత ధోవతులూ పొరలుగా పేర్చి ఆమె కుట్టిన బొంత ఒకటి ఇంట్లో ఉంటే, పిల్లలు పుట్టి, పెరిగి, పెళ్ళిళ్ళై పోయినా అది మాత్రం చిరగదని పేరు. ఆ పేరు తప్ప ఆమె దగ్గర ఇంకో ఆస్తి లేదు. ఇప్పుడు దాన్ని ఊరంతా కలిసి గుంజి పారేస్తోంది.

అసలు బొంతలు కుట్టే మనిషికీ గాలిమోటారుకీ పొత్తు ఎలా కుదిరిందో చెప్పాలి. రామారెడ్డిలో భూమక్క అని పెద్ద పటేలు ఇంటి ఇల్లాలు. ఆమె చిన్న కొడుకు లక్ష్మీరాజం. అన్నలు ఎకరం మీద ఎకరం కొంటుంటే ఈయనగారు తన వాటా అమ్ముకుని బొంబాయి పోయి, గాలిలో తిరగడం నేర్చుకుని, ఎవరో వాడేసి పక్కన పెట్టిన ఒక గాలిమోటారును వెంట తెచ్చాడు. కింద ఒక జత, పైన ఒక జత రెక్కలు. ముందు చిన్న గూడులాంటి అర, అందులో ఇద్దరు ఇరుక్కుని కూర్చోవచ్చు. వెనక అతను. కామారెడ్డిలో స్టేషన్ అవతలి మైదానంలో రేకుల కొట్టం వేసి, దానికి హవాయి సర్వీసు, అంటే గాలి సర్వీసు, అని బోర్డు పెట్టాడు. జాతరలకూ అంగళ్ళకూ పోయి జనాన్ని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి దించడమే ఆ సర్వీసు. పందొమ్మిది వందల ముప్పైఏడో సంవత్సరంలో ఆ చుట్టుపక్కల అంతకు మించిన వింత లేదు.

రెక్క అంటే ఇనుము కాదు. కర్ర చట్రం, దాని మీద గుడ్డ, గుడ్డను చట్రానికి పట్టి ఉంచే కుట్టు. ఆ మీద బిగుసుకోవడానికి ఒక మందు పూస్తారు. అంతే. కుట్టేవాడు బొంబాయి నుంచి రావాలంటే నెల పడుతుంది. లక్ష్మీరాజం ఆలోచించి సాలవ్వను పిలిచాడు. ఆమె రెక్కను అటూ ఇటూ చూసి, "ఇది బొంతనే గద పటేలా, లోపల కర్ర పెట్టిన బొంత," అంది. మైనం రాసిన దారంతో జానెడుకు ఇన్ని ముడులని అతను లెక్క చెబితే, ఆమె ఇంకో రెండు ఎక్కువే వేసింది. ఆ తరువాత కొట్టం ఊడ్చడం, గాలిమోటారును కుంకుడు నీళ్ళతో కడిగి తుడవడం కూడా ఆమె పనే అయింది.

మొదటి ప్రమాదం ఆ ఏడు దసరాకు ఎల్లారెడ్డిలో జరిగింది. దిగుతూ దిగుతూ ఇంకా మనిషెత్తు ఉండగానే గాలిమోటారు దబ్బున కిందపడింది. చక్రాల ఇరుసు విరిగింది. రెండోది ఉగాదికి, నాగిరెడ్డిపేట దగ్గర పోచారం చెరువు కింద పొలాల్లో. అక్కడా అంతే, దిగేటప్పుడే. ముక్కు బురదలో దిగబడి నిలబడింది. మూడోది ముప్పైఎనిమిది దసరా నాడు కామారెడ్డిలోనే, సొంత మైదానంలో. ఈసారి ఎడమ పక్కకు ఒరిగి పడింది. ఎడమ రెక్క నలిగింది, లక్ష్మీరాజం కాలు విరిగింది. మూడుసార్లూ ముందు అరలో ఎవరూ లేరు. ఆ ఒక్కటీ అదృష్టం.

నడుమ రోజుల్లో వందలసార్లు పువ్వు దిగినట్టు దిగింది. అది ఎవరికీ గుర్తు లేదు.

పట్నం నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నలిగిన రెక్కను దూరం నుంచి చూశాడు, కుట్టింది ఎవరని అడిగాడు, చదువు రాని ఆడమనిషి అని విన్నాడు, కాగితం రాసేశాడు. కుట్టు వదులైనందువల్ల పడినట్టు అనుమానం. ఎగరడానికి పర్మిషన్ బంద్. పదిహేను రోజుల్లో మళ్ళీ వచ్చి విప్పించి చూస్తానని, అంతదాకా యంత్రాన్ని ఎవరూ కడగకూడదు, తుడవకూడదు, ముట్టుకోకూడదని చెప్పి పోయాడు. కుట్టుదే తప్పని తేలితే యంత్రాన్ని విరగ్గొట్టించి సర్వీసు మూయించడమే. ఆ కాగితంలోని మాట స్టేషన్ దాటేలోపే ఊరు దాటింది.

సాలవ్వ ఊరుకునే రకం కాదు. మర్నాడే రామారెడ్డికి నడిచి, కట్లు కట్టిన కాలితో వసారాలో మంచం మీద పడుకున్న లక్ష్మీరాజం ముందు నిలబడింది.

"పటేలా, నా కుట్టు తెగిందని నువ్వు కూడ అంటవా?" అని అడిగింది.

"నేనెందుకంట. నాకు ఇంకోటి సమజైతలేదు సాలవ్వా. దిగేటప్పుడు వేగం చెప్పే ముల్లు నా ముంగట ఉంటది. మూడుసార్లు కూడ అది మంచి వేగమే చూపిచ్చింది. అంత వేగం ఉంటే పడది. కాని పడ్డది. ఇన్‌స్పెక్టరుకు చెప్తే నవ్విండు, పడ్డోడు ప్రతివాడు గిట్లనే అంటడట."

"ముల్లుకు ఎట్ల ఎరుకైతది, ఎంత ఉరుకుతున్నమో?"

"కుడి దిక్కు రెక్కల నడుమ గుంజకు సన్నటి గొట్టం ఉంటది సూడు, ముందుకు పొడుసుకొచ్చి. అండ్లకు గాలి పోతది. గాలి ఎంత జోరు పోతే ముల్లు అంత లేస్తది."

"గదా? నేను పొద్దున పూట దానికి తుడుపుగుడ్డ తగిలేస్త," అంది సాలవ్వ. నొప్పిలో కూడా లక్ష్మీరాజానికి నవ్వొచ్చింది.

ఆమెకు నవ్వు రాలేదు. ఏదో మెదిలింది. తిరిగి వచ్చి నేరుగా కొట్టంలోకి పోయింది. ముట్టుకోవద్దన్నారు గానీ చూడొద్దని అనలేదు కదా. కుడి వైపు గుంజ దగ్గర మునివేళ్ళ మీద నిలబడి గొట్టం మూతిలోకి చూసింది. మూతి నిండా పచ్చగా, గట్టిపడిన ముద్ద. పసుపు.

ఆ పసుపు ఎవరిదో ఆమెకు తెలియనిదా? ఏడాదికి రెండే పండుగలకు భూమక్క బండి కట్టించుకుని కామారెడ్డి వస్తుంది, దసరాకూ ఉగాదికీ. కొడుకు గాలిలోకి పోతాడన్న భయంతో, నూనెలో పసుపు రంగరించి వెంట తెస్తుంది. రైతు ఇంటి అలవాటు ఎక్కడికి పోతుంది? ఎద్దుకు కొమ్ము కొసకు, నాగలికి కర్రు కొసకు, బండికి కాడి కొసకు బొట్టు పెట్టీ పెట్టీ అలవాటైన చెయ్యి ఆమెది. గాలిమోటారు చుట్టూ తిరిగి, ముందుకు పొడుచుకొచ్చిన కొస ఏది కనిపిస్తే దానికి బొటనవేలితో గట్టిగా అద్దేది. అద్దేటప్పుడు కళ్ళు మూసుకుని కొడుకు పేరు చెప్పుకునేది. మిగతా పూజలకు అయ్యగారు వచ్చి ముక్కు మీద ఒక బొట్టు పెట్టి పోయేవాడు, ఆ రోజుల్లో ఏమీ కాలేదు. పడిన ప్రతిసారీ యంత్రాన్ని కుంకుడు నీళ్ళతో కడిగింది సాలవ్వే. పసుపు కడుక్కుపోయేది, సంగతి కూడా దాంతోనే పోయేది. ఈసారి ఇన్‌స్పెక్టరు ముట్టుకోవద్దన్నందుకు మిగిలింది.

ఆ పూట ఆమెకు అన్నం దిగలేదు. దొరికిందన్న సంతోషం ఒక పక్క. ఇంకో పక్క, దీన్ని ఎలా చెప్పడం? భూమక్క ఇంట్లో సాలవ్వ ఇప్పటికీ గడప ఇవతలే నిలబడుతుంది, నీళ్ళు దోసిట్లో పోయించుకుని తాగుతుంది. అలాంటి మనిషి పోయి, ఏసును మొక్కే మనిషి పోయి, అమ్మా నీ బొట్టే నీ కొడుకును పడేసింది అంటే ఎవరు నమ్ముతారు? నమ్మితే ఆ తల్లి ఏమైపోతుంది?

మళ్ళీ రామారెడ్డి పోయి, భూమక్క పొలానికి పోయిన సమయం చూసి లక్ష్మీరాజానికి చెప్పింది.

"అవ్వకు తెల్వొద్దు," అన్నాడు అతను, తల్లిని తలుచుకుని. "కందిరీగ గూడు పెట్టిందని చెప్పు. గొట్టాలల్ల మట్టి పెడ్తయి గద."

"పచ్చటి మట్టా?"

"పొడి చేసి కింద పారెయ్. ఎవరు సూస్తరు."

"చెప్త పటేలా. నీ మాట కొట్టెయ్య. కాని కందిరీగ గూడు పెడ్తుంటే తుడిసేదానివి నీ కండ్లు యాడ పెట్టినవ్ అంటడు ఆ సాబ్. కుట్టు మీది నింద పోయి తుడుపు మీదికి వస్తది. మనిషిని మాత్రం నేనే."

లక్ష్మీరాజం గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పదిహేనో రోజు ఇన్‌స్పెక్టరు పొద్దున రైలుబండికి దిగాడు. లక్ష్మీరాజాన్ని ఎడ్ల బండి మీద తెచ్చారు. వెంట భూమక్క కూడా వచ్చింది, కొడుకు బతుకుదెరువు తేలే రోజున ఇంట్లో ఎలా కూర్చుంటుంది? కొట్టం చుట్టూ సగం ఊరు మూగింది. సాలవ్వ బొంతలు కప్పుకుని పడుకునేవాళ్ళే అందులో సగం మంది, వాళ్ళే ముందు వరుసలో నిలబడ్డారు.

ముందు నలిగిన రెక్క. ఇన్‌స్పెక్టరు కొక్కెం లాంటి పనిముట్టు తీసి ఒక్కొక్క ముడి కింద పెట్టి లాగాడు. రాలేదు. ఇంకోటి లాగాడు. రాలేదు. కోటు విప్పి పక్కన పడేసి మరీ లాగాడు. చట్రం కర్రలు నాలుగు చోట్ల విరిగి ఉన్నాయి. వాటిని పట్టుకుని ఉన్న కుట్టు ఒక్కచోట కూడా తెగలేదు. ఆయన నిలబడి చెమట తుడుచుకుని లక్ష్మీరాజం వైపు చూశాడు.

"ఈ విరిగిన కర్ర చూసినవా? నీ సీటు పక్కకే ఉన్నది. గుడ్డ విడిపోతే ఇది నీ కడుపులో దిగేది. గుడ్డ పట్టుకున్నది కాబట్టి కాలితో పోయింది." ఆయన గొంతులో ఇబ్బంది వినిపించింది. "కుట్టు గురించి ఫికర్ లేదు, అది గట్టిగనే ఉన్నది. మరి ఎందుకు పడ్డది?"

"గొట్టం సూడుండ్రి సాబ్," అంది సాలవ్వ.

ఆయన చూశాడు. పక్కనున్న మనిషిని ముల్లును కనిపెట్టి ఉండమని చెప్పి, గొట్టం మూతికి నోరు ఆనించి మెల్లగా ఊదాడు. ముల్లు బద్ధకంగా పైకి పాకింది. నోరు తీశాడు. ముల్లు కిందికి పడలేదు. అక్కడే నిలబడి, తరువాత ఎప్పటికో నెమ్మదిగా జారింది. మళ్ళీ ఊదాడు, మళ్ళీ అంతే. సాలవ్వ బొడ్లోంచి దబ్బనం తీసి ఇచ్చింది. ఆయన గొట్టంలో పెట్టి తిప్పితే ముద్ద ముద్దగా ఊడి అరచేతిలో పడింది. ఇప్పుడు ఊదాడు. ముల్లు చటుక్కున లేచింది. నోరు తీస్తే చటుక్కున పడింది.

"యా అల్లా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వేగం తగ్గుతున్నది, ముల్లు తగ్గలేదు. ఉన్నది అనుకొని దిగిండు. పడ్డడు." చేతిలో ముద్దను వేలితో నలిపాడు. "ఇది ఏమిటి? ఇందులకు ఎట్ల వచ్చింది? రోజు తుడిచేది ఎవరు?"

అందరి కళ్ళూ సాలవ్వ మీదికి మళ్ళాయి. లక్ష్మీరాజం తల దించుకున్నాడు. సాలవ్వ నోరు తెరిచింది. కందిరీగ అనే మాట నాలుక కొసకు వచ్చింది, బయటికి రాలేదు. భూమక్క పేరు కూడా రాలేదు.

"చెప్పమ్మా," అన్నాడు ఆయన. "నువ్వు చెప్పకపోతే తుడిచే మనిషి నిర్లక్ష్యం అని రాస్త."

జనం వెనక నుంచి భూమక్క కదిలింది. తోవ ఇచ్చారు. ఆమె నేరుగా ఇన్‌స్పెక్టరు దగ్గరికి వచ్చి, ఆయన అరచేతిలోంచి చిటికెడు తీసుకుని వాసన చూసింది. ఆ వాసన ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముఖం పాలిపోయింది.

"ఇది మా ఇంటి పసుపు," అంది. "నేనే పెట్టిన. మూడు పండుగలకు ఈ చెయ్యే పెట్టింది."

"అవ్వా," అన్నాడు లక్ష్మీరాజం.

"నువ్వు సప్పుడు చెయ్యకు. నీకు ఎరుకే ఉన్నది, నీ మొకం సూస్తె తెలుస్తలేదా." కొడుకు వైపు చూడకుండానే అంది. తరువాత సాలవ్వ వైపు తిరిగింది. "నీకు గూడ ఎరుకే. మరి నోరు మూసుకొని ఎందుకు నిలవడ్డవే?"

"నువ్వు పెట్టింది వాడు సల్లగుండాలని అమ్మా. దాన్ని తప్పని నా నోటితోని ఎట్లంట?" అంది సాలవ్వ. అని ఏడ్చేసింది. భూమక్క ఏడవలేదు. రాయమని ఇన్‌స్పెక్టరుకు చేత్తో సైగ చేసింది, ఆయన రాసేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఇన్‌స్పెక్టరు రాశాడు. కుట్టు భేషుగ్గా ఉందని విడిగా ఒక మాట కూడా రాశాడు. కానీ గవర్నమెంటు మనిషి కదా, అంత తేలిగ్గా వదులుతాడా? రెక్క బాగుచేశాక, ముందు అరలో ఇద్దరు మనుషులతో కామారెడ్డి నుంచి లేచి ఎల్లారెడ్డిలో తన కళ్ళ ముందు దిగాలి, అప్పుడే పర్మిషన్ అన్నాడు.

వడ్రంగి కర్రలు మార్చాడు. సాలవ్వ మళ్ళీ కుట్టింది. పిల్లలు కొట్టంలోకి వస్తే కసిరింది, పెద్దవాళ్ళు వచ్చి బాగుందంటే ఇంకా గట్టిగా కసిరింది. గొట్టం మూతికి ఎర్ర గుడ్డతో చిన్న తొడుగు కుట్టి, ఎగిరే ముందు తన చేత్తో తీసి లక్ష్మీరాజానికి చూపించాలని నియమం పెట్టుకుంది. లక్ష్మీరాజం కాలు కూడుకుని నడిచేసరికి మాఘం వచ్చింది.

ఎల్లారెడ్డి అంగడి నాడు పొద్దున్నే గాలిమోటారును మైదానంలోకి తోశారు. ఎక్కేదెవరు? ఇన్నాళ్ళూ సాలవ్వ కుట్టు గురించి అంత తెలిసినవాళ్ళు ఒక్కడూ ముందుకు రాలేదు. ఒకడికి కడుపునొప్పి, ఒకడికి పొలం పని. సాలవ్వ కొంగు బిగించుకుంది.

"కుట్టింది నేను. నేనే కూసుంట," అని ఎక్కి కూర్చుంది. రెండో చోటు ఖాళీగా ఉంది. లక్ష్మీరాజం చుట్టూ చూశాడు.

"జరుగు," అన్న మాట వినిపించింది. భూమక్క. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, కొడుకు భుజం పట్టుకుని ఎక్కుతోంది. సాలవ్వ కంగారుగా లేవబోయింది. "యాడికి లేస్తవు, కూసో. ఇరుకున్నది, కొంచెం అటు జరుగు," అని భూమక్క ఆమె పక్కనే, ఒకే పలక మీద, తొడకు తొడ ఆనుకుని కూర్చుంది. ఊరు ముక్కున వేలేసుకుంది. వేసుకోనీ.

లేచింది. కింద కామారెడ్డి ఇండ్లు పెంకుల కుప్పల్లా చిన్నవైపోయాయి. సాలవ్వ కింద చూడలేదు. రెక్క వైపే చూస్తూ కూర్చుంది, గుడ్డ మీద తను వేసిన ముడుల వరుస గాలికి వణుకుతూ పట్టుకునే ఉంది. భూమక్క కళ్ళు మూసుకుని సాలవ్వ చెయ్యి పట్టుకుంది. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. దూరంగా దక్షిణాన పోచారం చెరువు నీళ్ళు ఎండకు మెరిశాయి. ఎల్లారెడ్డి వచ్చింది. లక్ష్మీరాజం ఒక చుట్టు తిరిగి, వేగం తగ్గించి, ముల్లు చూస్తూ దించాడు. చక్రాలు నేలకు తగిలిన సంగతి ముందు సాలవ్వకు తెలియలేదు, దుమ్ము లేచాక తెలిసింది.

అంగడి అంగడంతా ఉరికొచ్చింది. ఇన్‌స్పెక్టరు అక్కడే, బండి పలక మీద కాగితం పెట్టి సంతకం చేసి లక్ష్మీరాజం చేతిలో పెట్టాడు. ఒక ముసలాయన భూమక్కను చూసి, "ఆ కుట్టు మీద నమ్మకంతోని ఎట్ల ఎక్కినవమ్మా, భయం కాలేదా?" అని అడిగాడు.

భూమక్క సాలవ్వ చెయ్యి ఇంకా వదల్లేదు. అలాగే పట్టుకుని, అంగట్లో చివరి మనిషికి కూడా వినపడేలా చెప్పింది.

"నా కొడుకును పడేసింది నేను. పడ్డంక సావకుండ పట్టుకున్నది ఈమె కుట్టు. ఊకె ఈమె పేరెత్తినోళ్ళు ఉంటే ఇప్పుడు నా పేరెత్తుండ్రి."

సాలవ్వకు ఏం చెయ్యాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. ముందు ఆ ముసలాయనే వచ్చాడు. రెక్క మీద చెయ్యి పెట్టి, ముడుల వరుసను ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి, సాలవ్వకు ఒక దండం పెట్టి ఎక్కి కూర్చున్నాడు. అతని వెనక వరుస కట్టారు. పొద్దుగూకేదాకా లక్ష్మీరాజం జనాన్ని ఎక్కిస్తూనే ఉన్నాడు, దించుతూనే ఉన్నాడు. ఎక్కిన ప్రతివాడూ ముందు ఆ కుట్టును తడిమే ఎక్కాడు.